ఐదో జేబు

పదకొండో ప్యాంటు ఎడమ జేబులోంచి నలిగిన బస్సు టికెట్టు, పళ్ళూడిన దువ్వెన, ఎవరిదో ఫోను నంబరు రాసిన కాగితం ముక్క బయటికి వచ్చాయి. ఆయన వాటిని బల్ల మీద వరసగా పెట్టి, జేబును పూర్తిగా బయటికి తిప్పి, మూలల్లో పేరుకున్న నూలు పీచును గోటితో గీకి పారేశాడు. తరువాత కుడి జేబు. తరువాత వెనక జేబులు. ఆ పైన, ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియని, నడుము పట్టీ కింది బుల్లి జేబు. ఆయన పనితనమంతా అక్కడే ఉంది. చూపుడు వేలు అందులో పట్టదు. చిటికెన వేలు దూర్చి, గోరు తగిలించి లాగాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అలా లాగీ లాగీ ఆయన కుడి చిటికెన వేలు కొద్దిగా వంకర తిరిగింది.

రేవుకు దగ్గరలో ఉన్న పెద్ద హోటలు అది. దాని నేలమాళిగలో లాండ్రీ. పై నాలుగు అంతస్తుల్లో దిగినవాళ్ళ బట్టలన్నీ ఏ గది సంచి ఆ గదిదిగా ఒక రేకు గొట్టంలోంచి జారి, ఆయన బల్ల పక్కనున్న తొట్టిలో ధబ్బున పడతాయి. వాటిని రంగులవారీగా విడదీసి, జేబులు చూసి, మిషన్లో వేయడం ఆయన పని. అందుకే అక్కడ అందరికీ ఆయన జేబులాయన. అసలు పేరు జీతం కాగితం మీద ఉండే ఉంటుంది గాని, దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. పొడుగ్గా, సన్నగా, దండెం మీద ఆరేసిన చొక్కాలా భుజాలు కాస్త జారిపోయి ఉండే మనిషి. అరవై రెండేళ్ళు. ఈమధ్య నేలమాళిగ మెట్లు దిగేటప్పుడు బాగానే ఉంటున్నాడు గాని, ఎక్కేటప్పుడు పద్నాలుగో మెట్టు దగ్గర ఆగి, బూటు తాడు ముడి సరిచేసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. ఆయన వేసుకునేవి తాడు లేని చెప్పులు. ఆ సంగతి ఆయన మరదలు ఒక్కతే గమనించింది.

"బావా, టీ చల్లారిపోతోంది. ఆ ప్యాంటును ఇక వదిలిపెట్టు, పాపం దానికీ సిగ్గుంటుంది," అంది ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

మరదలంటే పడుచుపిల్ల అనుకునేరు. ఆవిడకి యాభై ఎనిమిది. ఆయన భార్యకి స్వయానా చెల్లెలు. ఎనిమిదేళ్ళ కిందట అక్క పోయాక, అక్క నిలబడిన ఇస్త్రీ బల్ల దగ్గరే ఈవిడ చేరింది. మనిషి లావు, మాట పదును, మనసు వెన్న. మధ్యాహ్నం క్యారేజీలో రెండు గిన్నెలు ఎక్కువ తెస్తుంది. "మిగిలిపోయింది, పారేయడం ఎందుకని తెచ్చాను," అంటుంది. ఎనిమిదేళ్ళుగా ప్రతిరోజూ ఒక మనిషికి సరిపడా ఎలా మిగిలిపోతుందో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆయన టీ గ్లాసు అందుకుని మిషను ముందు స్టూలు మీద కూర్చున్నాడు. గుండ్రటి అద్దం వెనక తెల్ల దుప్పట్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. అక్కడ కూర్చుంటే ఆయన ఎక్కడికి పోతాడో ఆయనకే తెలియదు. నురగ అద్దానికి తగిలి జారుతుంటే ఏదో ఒడ్డున ఉన్నట్టు ఉంటుంది. ఆ ఒడ్డుకు ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు. అసలు ఊరు దాటి వెళ్ళిందే రెండుసార్లు. అయితేనేం, నూట నలభై చిల్లర దేశాల నాణేలు ఆయన దగ్గర ఉన్నాయి. ఏ దేశం రాజు ముక్కు ఎటు వంగి ఉంటుందో, ఏ దేశం వాళ్ళు నాణెం మధ్యలో చిల్లు పెట్టుకుంటారో, ఏ దేశం పేరు మార్చుకుని పాత పేరు మీద గీత కొట్టి అచ్చు వేసిందో, అడిగితే చెప్తాడు. అడిగేవాళ్ళు మాత్రం లేరు.

ఆ నాణేలు ఆయన చేతికి రావడానికి ఒక కట్టడి ఉంది. అది ఆయన పుట్టించింది కాదు, హోటలు పెట్టిన నాటి నుంచీ ఉన్నది. ఉతకకముందు జేబులో ఏది దొరికినా అది ఆ గదివాళ్ళది. కవరులో పెట్టి, గది నంబరు వేసి, పైకి పంపాలి. ఉతికాక డ్రమ్ములో దొరికితే మాత్రం అది ఏ గదిదో చెప్పడం బ్రహ్మతరం కాదు, ఇరవై గదుల బట్టలు కలిసిపోయి ఉంటాయి. కాబట్టి అది దొరికినవాళ్ళది. చిటికెన వేలిని కూడా మోసగించి, కోటు అస్తరు చిరుగులోంచి జారి, డ్రమ్ములో టింగుమని మోగిన నాణేలే ఆయన సొత్తు. పోనీ కావాలనే ఒక జేబు వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. కాని ఆయన వదలడు. ఏ జేబు చూడలేదో ఆయన వేలికి తెలుస్తుంది కదా!

ఆ నాణేలను మధ్యాహ్నం తిండి తరువాత పరీక్షించేవాడు. ఒక భూతద్దం, మందుల కొట్టువాడు పారేసిన చిన్న త్రాసు, అట్ట చిరిగిన ఒక లావుపాటి నాణేల పుస్తకం, అంతే ఆయన సరంజామా. నాణేన్ని అంచు పట్టుకుని చూడాలి, ముఖం మీద వేలు పడకూడదు. బొమ్మలో ఎత్తైన చోటే ముందు అరుగుతుంది. రాజుగారైతే చెంప, పక్షి అయితే రెక్క మడత, ఓడ అయితే తెరచాప కొస. ఆ అరుగుదల చూసి అది ఎంతకాలం ఎన్ని చేతుల్లో తిరిగిందో లెక్కకట్టేవాడు. ఒక్కోసారి చెంప పూర్తిగా పోయిన రాజును చూసి, "బాగా తిరిగావయ్యా," అనేవాడు మెచ్చుకోలుగా.

వాటిని దాచడానికి ఆయన భార్య ఒక గుడ్డ కుట్టింది. పాతబడి పారేసే చొక్కాల జేబులు కత్తిరించి, ఒక్కోదాన్ని నాలుగు బుల్లి జేబులుగా చేసి, దుప్పటి ముక్క మీద వరసలుగా కుట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. ఒక్కో జేబులో ఒక్కో నాణెం. చివరి వరసలో అయిదు జేబులు మాత్రం ఎర్రదారంతో కుట్టింది. అవి దీవులవి.

ఇరవై నాలుగేళ్ళ కిందట ఒకే రోజు, ఒకే డ్రమ్ములో నాలుగు నాణేలు దొరికాయి. అంచులు గుండ్రంగా కాక అలల్లా వంకీలు తిరిగి ఉన్నాయి. ఒకదాని మీద పక్షి, ఒకదాని మీద తాబేలు, ఒకదాని మీద చేప, ఒకదాని మీద కొబ్బరి చెట్టు. పుస్తకంలో వెతికితే అది ఎక్కడో సముద్రం నడుమ దీవుల దేశమని తేలింది. తన సొంత నాణేలు ఒకే ఒక్క సంవత్సరం వేసుకుని, మరుసటేడు పక్కనున్న పెద్ద దేశంలో కలిసిపోయిందట. మొత్తం అయిదు రకాలు. అయిదోది పడవ. పుస్తకంలో దాని బొమ్మ మసకగా, నీళ్ళలో చూసినట్టు ఉంది. "నాలుగు జేబులు చాలు కదా," అన్నాడు ఆయన. "ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు మర్చిపోతారు లెండి, జేబు ఉండనివ్వండి," అంది భార్య, దారం పళ్ళతో తెంపుతూ.

పన్నెండేళ్ళ కిందట ఒక సెలవు రోజున ఇద్దరూ గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని, గడియారం వీధిలో ఉన్న పాత నాణేల దుకాణానికి వెళ్ళారు. అమ్మడానికి కాదు. ఎంత విలువ చేస్తాయో తెలిసిన మనిషి నోట వినాలని. భార్య ఆ రోజు మంచి చీర కట్టుకుంది. దుకాణదారు బంగారు రంగు కళ్ళజోడు మనిషి. కూర్చోమనలేదు. గుడ్డలోంచి ఒకటి తీశాడు, ఇంకొకటి తీశాడు, దీపం కింద తిప్పాడు, తిరిగి జేబుల్లో వేశాడు.

"అన్నీ కడిగిన సరుకే," అన్నాడు. "చూడండి, ఎలా మెరుస్తున్నాయో. నాణేనికి చర్మం ఉంటుందండీ. ఏళ్ళ తరబడి గాలి తగిలి, ఆ రంగు వస్తుంది. కడిగారా, చర్మం ఊడిపోతుంది. ఆ తరవాత అది ఉత్త రేకు. మీకు ఎప్పుడైనా ఒక్కటంటే ఒక్కటి కడగనిది దొరికితే తీసుకురండి. కూర్చోబెట్టి టీ ఇస్తాను."

తిరిగి వస్తుంటే సగం దారిలో భార్య అడిగింది. "ఏమండీ, శుభ్రం చేస్తే విలువ పోతుందా?" ఆమె చేతులు అప్పటికే మరకలు వదిలించే సోడా నీళ్ళకు నాని పాలిపోయి, వేలి కొసల గీతలు కూడా అరిగిపోయి ఉండేవి. జీవితమంతా ఆ చేతులతో చేసింది శుభ్రం చేయడమే. "రోడ్డు చూసి నడు, బండి వస్తోంది," అన్నాడు. బండీ లేదు, గిండీ లేదు. నాలుగేళ్ళ తరువాత ఆమె పోయింది. ఆ ప్రశ్న మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. అప్పటి నుంచీ ఆయనకి ఒకటే కోరిక. ఒక్క కడగని నాణెం. అది పట్టుకుని ఆ దుకాణంలోకి వెళ్ళాలి, కుర్చీలో కూర్చోవాలి, ఆమె తరఫున ఆ టీ తాగాలి. తన దగ్గరికి వచ్చే నాణేలన్నీ డ్రమ్ములోంచే రావాలి కాబట్టి ఇది ఎన్నటికీ తీరే కోరిక కాదని ఆయనకి తెలుసు. తెలిసి మానుకునే కోరికలు ఎవరికుంటాయి?

టీ అయింది. ఆయన లేచి 214 నంబరు గది సంచి విప్పాడు. రెండు జాకెట్లు, ఒక గౌను, మీగడ రంగు నూలు కోటు ఒకటి. కోటు పాతది, మోచేతుల దగ్గర పల్చబడింది. బయటి జేబుల్లో ఏమీ లేదు. లోపల, ఎడమ గుండె మీద ఉండే జేబులో చిటికెన వేలు పెట్టాడు.

వేలికి వంకీ తగిలింది.

ఆయన కదల్లేదు. వేలు ఆ అంచు వెంట నెమ్మదిగా తిరిగింది. ఒక అల, ఇంకో అల, ఇంకోటి. బయటికి తీయకముందే ఆయనకి తెలిసిపోయింది. తీసి, అంచు పట్టుకుని, దీపం వెలుగులోకి పట్టాడు. పడవ. ఒంటి తెరచాప, వెనక రెండు గీతలంత సముద్రం. నాణెం నడుమ తేనె రంగు, అంచుకు పోయేకొద్దీ ముదిరి ముదిరి వంకాయ రంగు. తెరచాప కొస ఒక్కటే కాస్త అరిగింది. అంతే. నీళ్ళు ఎరగని నాణెం. చర్మం అని దుకాణదారు అన్నది ఏమిటో ఆయనకి ఇన్నాళ్ళకు, ఇవాళ అర్థమైంది.

మరదలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చింది. ఆయన మొహం చూసి, నాణెం చూసి, విషయం ఇట్టే పట్టేసింది. ఆ అయిదో జేబు కథ ఆవిడ అక్క నోట వంద సార్లు విన్నదే.

"పడవేనా?"

"పడవే."

"ఇంకేం మరి! మళ్ళీ ఆ జేబులోనే పెట్టు. చూడలేదనుకో. డ్రమ్ములోంచి వస్తే నీదే కదా."

"కడిగితే ఇంకేం మిగులుతుంది?"

"అయితే ఊరికే జేబులో వేసుకో. ఎవరికి చెప్తాను నేను?"

ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ తల దించుకుని, "మాట వరసకి అన్నాలే," అని వెళ్ళిపోయింది.

ఆయన మాత్రం నాణేన్ని మళ్ళీ కోటు జేబులో పెట్టాడు. కోటును తీసుకెళ్ళి మిషను నోట్లో పెట్టాడు కూడా. మూత వేయకుండా దాని ముందు నిలబడ్డాడు. కడిగితే తనది, కాని తను కోరుకున్నది కాదు. కడగకపోతే తను కోరుకున్నదే, కాని తనది కాదు. దొంగిలిస్తే రెండూ అవుతుంది, కాని ఆ టీ గొంతు దిగదు. ఖాళీ డ్రమ్ము లోతుల్లోంచి సబ్బు వాసన వస్తోంది. ఆ చీకట్లో పడవ ఒకటి తెరచాప ఎత్తుకుని ఊగుతున్నట్టు, ఒడ్డున ఆయన భార్య మంచి చీర కట్టుకుని నిలబడి, సముద్రాన్ని మడతలు లేకుండా ఇస్త్రీ చేస్తున్నట్టు అనిపించింది. ఆమె తలెత్తి, "జేబులు చూశారా?" అంది. రోజూ మిషను వేసే ముందు ఆమె అడిగే మాటే.

"చూశాను," అన్నాడు ఆయన పైకే. కోటు బయటికి లాగాడు.

కవరు మీద మిగతావాళ్ళయితే "214, ఒక నాణెం" అని రాసి ఊరుకుంటారు. ఆయన అలా రాయడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి కవరు మీదా, ఎవరూ చదవకపోయినా, పూర్తిగా రాస్తాడు. పెన్సిలు చెక్కుకుని రాశాడు. "214. కోటు లోపలి జేబులో ఒక నాణెం. పడవ బొమ్మ, వంకీల అంచు. తెరచాప కొస తప్ప ఎక్కడా అరుగుదల లేదు. చాలా అరుదు. ఇంతవరకు ఎవరూ కడగలేదు. దయచేసి మీరు కూడా కడగకండి." తువ్వాళ్ళు పైకి తీసుకుపోయే ఆవిడ చేతికి ఆ కవరు ఇచ్చి, లిఫ్టు తలుపు మూసుకునే దాకా చూశాడు.

మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. మరదలు తిట్టింది. "తినకపోతే ఆ పడవ వెనక్కి వస్తుందా? తిను, నీరసంతో పడిపోతే ఎత్తడం నా వల్ల కాదు." ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు. తరువాత గుడ్డ పరిచి దీవుల నాణేలు నాలుగూ తీసి చూశాడు. పక్షి, తాబేలు, చేప, చెట్టు. తళతళలాడుతున్నాయి. పొద్దున చూసిన ఆ వంకాయ రంగు కళ్ళలో ఉండగా చూస్తే, చలికాలంలో చొక్కా లేకుండా నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. ఆయనకి వాటి మీద జాలేసింది. పడవ వచ్చినా వీటి పక్కన ఇమిడేది కాదులే అని సర్దిచెప్పుకోబోయాడు. మనసు ఒప్పుకోలేదు. పడవ కావాలి. కావాలంటే కావాలి.

మూడు గంటలకు నేలమాళిగ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అతిథులెవరూ అక్కడికి దిగరు. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, పొట్టి తెల్లజుట్టు, చేతిలో ప్రయాణం సంచి, ఇంకో చేతిలో కవరు.

"ఇది రాసింది ఎవరు?" అంది.

మరదలు ఇస్త్రీ పెట్టెతో సహా బిగుసుకుపోయింది. ఆయన రెండడుగులు ముందుకు వేసి, "నేనేనమ్మా. ఏమైనా పొరపాటా?" అన్నాడు.

"పొరపాటేం కాదు. లాండ్రీలో కూర్చుని, దయచేసి కడగకండి అని రాసిన మనిషి ఎలా ఉంటాడో చూసిపోదామని వచ్చాను." ఆవిడ నవ్వింది. "ఇది నాది కాదు బాబూ. ఆ కోటు పోయిన నెల పాత బట్టల కొట్టులో కొన్నాను. జేబులో ఇది ఉన్నట్టే నాకు తెలీదు. మీరే ఉంచుకోండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అలా కుదరదమ్మా. జేబులో దొరికింది కదా."

"నేను ఇస్తున్నా కుదరదా?"

ఆయన పెన్సిలు తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఆ ముక్క ఈ కవరు మీద రాసివ్వండి. అప్పుడు కుదురుతుంది."

ఆవిడ నాణెం తీసి ఆయన చేతికిచ్చి, కవరు వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాయసాగింది. రాస్తూ, "ఇంతకీ దీని విలువ ఎంతుంటుందేమిటి?" అని అడిగింది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఆయన్ని అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆయన భూతద్దం తెచ్చాడు. ఆవిడను దీపం కిందికి పిలిచాడు. తెరచాప కొస చూపించాడు, సముద్రపు గీతలు రెండూ ఎంత పదునుగా నిలిచాయో చూపించాడు, అంచు పట్టుకుని వంచి ఆ రంగు ఎలా మారుతుందో చూపించాడు. మరదలు నోరు తెరుచుకుని చూస్తోంది. బావ ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా ఆవిడ ఎన్నడూ వినలేదు. "డబ్బులుగా చూస్తే నాలుగు మంచి భోజనాలు వస్తాయమ్మా," అన్నాడు చివరికి. "ఆ దేశం వాళ్ళకి ఒక్క ఏడాదే సొంత నాణేలు. ఆ ఏడాది ఎవరో దీన్ని ఖర్చు పెట్టకుండా దాచుకున్నారు. అదీ దీని విలువ."

పెద్దావిడ ప్రయాణం సంచి భుజాన వేసుకుంది. "నా బస్సు టైమైంది," అని, మెట్లెక్కుతూ మధ్యలో ఆగి వెనక్కి చూసి, "కడగను లెండి, నా దగ్గర లేదుగా," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

కవరు మీద ఆయన పెన్సిలు గీతల వెనక, "ఇది నేను ఇష్టపడి ఇచ్చాను. ఆయన అడగలేదు" అని ఉంది. ఆయన దాన్ని గుడ్డలో మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నాణేన్ని మాత్రం విడిచిపెట్టలేకపోయాడు. పొద్దున్నించీ దూరమై ఇప్పుడే చేతికి వచ్చింది. పని కోటు లోపలి జేబులో, గుండె మీద వేసుకున్నాడు. ఆ జేబులో ఆయన ఎప్పుడూ ఏదీ పెట్టడు. అందుకే అది భద్రం అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన ఏ లోకంలో ఉన్నాడో గాని, తెల్లబట్టల్లో ఎర్ర మేజోడు ఒకటి వేయబోయి మరదలి చేత చీవాట్లు తిన్నాడు. "ఇంటికెళ్తూ ఆ దుకాణానికి పోతాను," అన్నాడు. "పోదువుగాని, తల దువ్వుకుని పో. టీ ఇస్తే పంచదార ఎక్కువ వేయమని చెప్పు, వాళ్ళ సొమ్మేగా," అంది ఆవిడ.

అయిదున్నరకు పని అయిపోతుంది. చివరి విడతలో పనివాళ్ళ నీలం కోట్లు ఉతకడం అక్కడి ఆనవాయితీ. ఆయన అందరి కోట్లూ అందుకుని జేబులు చూశాడు. ఒకరి వక్కపొడి, ఒకరి హెయిర్‌పిన్ను, ఒకరి గుండీ. తన కోటు విప్పి, అలవాటు ప్రకారం పై జేబులోంచి పెన్సిలు, పక్క జేబులోంచి భూతద్దం తీసి, కోటును డ్రమ్ములో పడేశాడు. మూత వేశాడు. గొళ్ళెం బిగుసుకున్న చప్పుడైంది. ఒకసారి బిగుసుకుంటే ముప్పావు గంట దాకా బ్రహ్మదేవుడు వచ్చినా తెరుచుకోదు.

స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. పక్క మిషనులో ఆరుతున్న తువ్వాళ్ళ వేడి వీపుకు హాయిగా తగులుతోంది. ఎడమ చేయి కొద్దిగా బరువెక్కినట్టుంది. రేపు చూసుకోవచ్చులే అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు నిండుతున్నాయి. డ్రమ్ము ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది.

టింగ్.

ఎవరి జేబు వదిలేశాను, అనుకున్నాడు మగతలోనే. గుండీ కాదు, గుండీ చప్పుడు మొద్దు. నాణెమే. గుండ్రటిది కాదు, గుండ్రటిది దొర్లుతుంది. ఇది ఆగి ఆగి, వంకీ వంకీకీ తట్టుకుంటూ మోగుతోంది.

చేయి గుండె మీదికి పోయింది. అక్కడ చొక్కా ఒక్కటే ఉంది.

లేవబోయాడు. కాళ్ళు మాట వినలేదు. లేచినా చేసేదేముంది, గొళ్ళెం బిగిసింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఊళ్ళో వాళ్ళందరి జేబులూ చూసిన మనిషి తన జేబు చూసుకోలేదు. ఆయనకి ఏడుపు రావాలి. దానికి బదులు, ఎక్కడో కడుపు లోతుల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. అద్దంలో నీలం కోట్లు అలల్లా లేస్తున్నాయి, వాటి మధ్య పడవ టింగు టింగుమని వెళుతోంది. తేనె రంగు పోతోంది, వంకాయ రంగు పోతోంది. పక్షి, తాబేలు, చేప, చెట్టు ఒడ్డున ఎదురుచూస్తున్నాయి. ఇక వాటిలో కలిసిపోతుంది. ఏది ముందు వచ్చిందో, ఏది వెనక వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒడ్డున ఇస్త్రీ చేస్తున్న ఆమె తలెత్తింది. ఆమె చేతులు పాలిపోయి, తెల్లగా, ఎంతో బాగున్నాయి. పన్నెండేళ్ళుగా గొంతులో ఉన్న జవాబు ఆయనకి ఇప్పుడు తేలిగ్గా దొరికింది.

"పోదు," అన్నాడు. "శుభ్రం చేస్తే ఏమీ పోదు."

మరదలు ఆ మాట వింది. నిద్రలో కలవరిస్తున్నాడనుకుని, ఆరిన తువ్వాలు ఒకటి వెచ్చగా ఉన్నది తెచ్చి భుజాల మీద కప్పింది. మిషను ఆగాక మూత తీసి, కోట్లు లాగుతుంటే, డ్రమ్ము అడుగున తళుక్కుమంది. "బావా, ఇదుగో, నీ పడవ! కొంప ముంచావు కదయ్యా, జేబులోనే వదిలేశావు," అంటూ తిరిగింది. ఆయన నవ్వుమొహంతోనే ఉన్నాడు. ఆవిడ రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు. దగ్గరికి వచ్చి, ఆయన చేయి తన చేతిలోకి తీసుకుని, ఆ వంకర చిటికెన వేలిని పట్టుకుని, అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

పదిహేను రోజుల తరువాత ఆవిడ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని గడియారం వీధికి వెళ్ళింది. బంగారు రంగు కళ్ళజోడు దుకాణదారు ఇప్పుడు బాగా ముసలివాడయ్యాడు. ఆవిడ గుడ్డను గాజు బల్ల మీద పరిచి, దాని మీద కవరు పెట్టింది. ఆయన కవరు ముందు వైపు చదివాడు. వెనక వైపు చదివాడు. దీవుల నాణేలు అయిదూ తీసి దీపం కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"కడగలేదని రాశారు కదమ్మా. ఇవి అయిదూ కడిగినవే. కవరు మీద పడవ అని లేకపోతే, ఇందులో కొత్తగా వచ్చింది ఏదో కూడా నేను చెప్పలేకపోయేవాణ్ణి."

"రాసినప్పుడు కడగలేదండీ," అంది ఆవిడ. "తరవాత, ఆయన కోటుతో పాటు నేనే ఉతికాను." తప్పు బావ మీద పడనివ్వలేదు. "టీ ఇస్తానన్నారట కదా. అందుకని వచ్చాను."

దుకాణదారుకి ఒక్క క్షణం ఏమీ గుర్తు రాలేదు. తరువాత గుర్తొచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కవరు మీది అక్షరాలను మరోసారి, నెమ్మదిగా, చివరి దాకా చదివాడు. లేచి, తన కుర్చీ ఇవతలికి లాగి, "కూర్చోండమ్మా," అన్నాడు. లోపలికి చూసి టీ చెప్పాడు.

ఆవిడ కూర్చుంది. ఆయన నాణేలను అంచు పట్టుకుని ఒక్కొక్కటే తిరిగి జేబుల్లో వేశాడు. పక్షి, తాబేలు, చేప, చెట్టు. ఇరవై నాలుగేళ్ళు ఖాళీగా ఉండి ఎర్రదారం వెలిసిపోని, గంజి బిరుసు పోని అయిదో జేబు, పడవ బరువుకు కాస్త కిందికి వంగింది.